చింతపండు పిప్పి పారేయకండి

పండక్కి ఇత్తడి సామాన్లు దించుతున్నారుగా! పులిహోరకి గుజ్జు తీశాక మిగిలిన పిప్పిలో కాస్త రాళ్ల ఉప్పు వేసి కుందులు తోమండి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం నల్లబడ్డ పొరని కరిగిస్తుంది. వెంటనే కడిగి పొడిగుడ్డతో తుడవాలి, తడి ఉంటే మళ్లీ మచ్చలే.

మా పిన్ని పులిహోర ఎలా చేస్తుందని అడిగినవాళ్లకి: గుజ్జుని నూనె పైకి తేలేదాకా ఉడికించండి. అన్నం చల్లారాకే కలపాలి, ఆవపిండి చివర్లో. ఇంగువ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు! కళాయి (లోపలి తగరం పూత) లేని ఇత్తడి గిన్నెలో ఉంచకండి, చిలుమెక్కుతుంది.

మొన్న ఈ గ్రూప్‌లో ఫార్వర్డ్ అయిన, బ్లీచింగ్ పౌడర్‌లో పుల్లటివి కలిపి బాత్రూమ్ కడగమన్న చిట్కా దయచేసి ఎవరూ చేయొద్దు. బ్లీచింగ్ పౌడర్‌లో వెనిగర్, నిమ్మరసం, యాసిడ్ ఏది కలిపినా క్లోరిన్ అనే విషవాయువు వస్తుంది. పెట్టినవాళ్లు ఆ మెసేజ్ డిలీట్ చేసేయండి.