మంత్రిగారూ, కాలువలో పురుగుల్ని కూడా లెక్కపెట్టించండి

పర్యావరణ శాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. మాది విజయవాడ, గుణదల. హైస్కూల్లో సైన్స్ చెప్తాను. ఏలూరు కాలువ మా ఇంటికి నడిచి వెళ్లేంత దూరం. కాలువ కంపు మీద మీకు ఇప్పటికే బోలెడు అర్జీలు వచ్చి ఉంటాయి, ఇది ఇంకొకటి కాదు. నేను అడిగేది నీటి పురుగుల గురించి.

పోయిన చలికాలం ఒక ఆదివారం మా తొమ్మిదో తరగతి పిల్లలు నలుగురిని, వాళ్ల పెద్దవాళ్లని వెంటబెట్టుకుని, పాత టీ జల్లెడ, తెల్ల టబ్బు పట్టుకుని గట్టు దిగాను. మురుగు తూము కలిసే చోటుకి కాస్త దిగువన ఒక గరిటెడు బురద తీసి, టబ్బులో నీళ్లు పోసి కదపకుండా ఉంచాం. రెండు నిమిషాలకి బురద అడుక్కి దిగింది, అందులోంచి సన్నటి ఎర్ర దారప్పోగుల్లాంటివి లేచి ఎనిమిది అంకె చుట్టినట్టు మెలికలు తిరగడం మొదలుపెట్టాయి. "రక్తంలా ఉన్నాయి టీచర్" అంది ఒక పిల్ల. సరిగ్గానే అంది. అవి కైరోనమిడ్ అనే ఈగ పిల్లలు, వాటి ఎరుపు హిమోగ్లోబిన్‌ది, మన రక్తంలో ఉండేలాంటిదే. నీళ్లలో ఆక్సిజన్ దాదాపు లేకపోయినా ఉన్న కాస్తా పట్టుకుని బతికేస్తాయి. టబ్బులో అవి తప్ప ఇంకేమీ లేవు, ఒక్క తూనీగ పిల్ల కూడా.

ఆ తర్వాతి ఆదివారం ప్రకాశం బ్యారేజీకి బాగా ఎగువన, మురుగు కలవని ఒక రేవుకి వెళ్లాం. రాయి తిప్పితే గోరంత పురుగు, వెనక మూడు తోకలు, పొట్టకి అటూ ఇటూ చిన్న చిన్న ఆకుల్లాంటి మొప్పలు ఆగకుండా అల్లాడుతున్నాయి. అది మేఫ్లై పిల్ల. పక్క రాయికి ఇసుక రేణువులతో గొట్టంలా ఇల్లు కట్టుకున్న క్యాడిస్‌ఫ్లై. తూనీగ పిల్ల ఒకటి దవడ చాచి పక్కనున్న పురుగుని లాక్కోవడం చూసి పిల్లలు అరుపులే అరుపులు! ఆ రెండు టబ్బులు చూశాక ఏ నీళ్లు మంచివో నేను వాళ్లకి చెప్పాల్సిన పని లేకపోయింది.

మురుగు పడితే దాన్ని తినే బాక్టీరియా నీళ్లలోని ఆక్సిజన్‌ని లాగేస్తుంది. మన ఎండలకి నీళ్లు 30 డిగ్రీలు దాటితే శుభ్రమైన నీళ్లలో కూడా లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాములకి మించి ఆక్సిజన్ నిలవదు, స్నానానికి పనికొచ్చే నదిలో కనీసం 5 ఉండాలన్నది మన దేశంలో నియమం. అంటే మనకున్న వెసులుబాటు చాలా తక్కువ. అది తగ్గగానే ముందు పోయేవి చాలా రకాల మేఫ్లైలు, క్యాడిస్‌ఫ్లైలు. చివరిదాకా మిగిలేవి ఎర్ర పురుగులు. ఎర్ర పురుగు కనిపిస్తేనే నీళ్లు చెడిపోయినట్టు కాదండీ, మంచి నీళ్లలోనూ కొన్ని ఉంటాయి, చేపలు తింటాయి. మిగతావన్నీ పోయి అవొక్కటే మిగిలితేనే భయపడాలి.

సీసాలో పట్టిన నీళ్లు ఆ నిమిషం సంగతే చెబుతాయి. రాత్రి రెండింటికి ఎవరో ట్యాంకర్ తెచ్చి కాలువలో వదిలేస్తే, పొద్దున పదింటికి శాంపిల్ పట్టేవాళ్లకి అది దొరకదు, అప్పటికి ఎక్కడికో కొట్టుకుపోయి ఉంటుంది. పురుగు అలా కాదు. వారాలు, నెలల తరబడి అక్కడే ఉంటుంది, ఆ రాత్రి కూడా అక్కడే ఉంది.

ఇది నేను కనిపెట్టిన విషయం కాదు. పురుగుల కుటుంబాలకి 1 నుంచి 10 దాకా మార్కులు వేసే పద్ధతి బ్రిటన్‌లో దశాబ్దాల కిందటే వచ్చింది, మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దాన్ని మన నదులకి సరిపడేలా మార్చి నీటిని ఐదు తరగతులుగా విడగొట్టింది కూడా. మా నోట్‌బుక్ పట్టుకుని ఒక ఆఫీసుకి వెళ్తే "పురుగుల లెక్కలేంటి మేడం, ల్యాబ్ రిపోర్ట్ ఉంటే తీసుకురండి" అన్నారు. పిల్లలు నా వెనకే ఉన్నారు, వాళ్ల మొహాలు చూడలేకపోయాను. అందుకే నేరుగా మీకు రాస్తున్నాను.

బందరు, ఏలూరు, రైవస్ కాలువల మీద ఊరికి ఎగువన ఒక చోటు, దిగువన ఒక చోటు ఎంచి, ఏడాదికి రెండుసార్లు పురుగుల్ని లెక్కపెట్టించండి. విజయవాడ, గుంటూరు కాలేజీల్లో జువాలజీ పిల్లలు ఉన్నారు, వాళ్లకి వల, ట్రే, చిన్న మైక్రోస్కోప్, రెండు రోజుల ట్రైనింగ్ ఇస్తే చాలు. ఒక్క జాగ్రత్త: ఎండాకాలం కాలువలు కట్టేస్తారు కదా, అప్పుడు పురుగులు ఎలాగూ పోతాయి, దాన్ని కాలుష్యం ఖాతాలో వేయకూడదు. నీళ్లు వదిలాక రెండు నెలలు ఆగి లెక్కపెట్టాలి, ప్రతి ఏడూ అదే చోట, అదే పద్ధతిలో. ల్యాబ్ పరీక్షలు మానమని అనడం లేదు, ఈ-కోలి లాంటి మలం నుంచి వచ్చే బాక్టీరియా సంగతి పురుగులు చెప్పలేవు. రెండూ పక్కపక్కన పెట్టి ఫలితం తెలుగులో రేవు దగ్గర బోర్డు మీద రాయించండి.

2028లో కృష్ణా పుష్కరాలు. లక్షల మంది ఈ నీళ్లలో మునుగుతారు. ఇప్పుడు మొదలుపెడితేనే అప్పటికి పోల్చి చూసుకోడానికి ఏదైనా చేతిలో ఉంటుంది. మీరు ఎప్పుడు రమ్మంటే అప్పుడు నోట్‌బుక్, టబ్బు తీసుకుని పిల్లలతో సహా వస్తాను.

ఇట్లు,
గుణదల నుంచి ఒక సైన్స్ టీచర్