తొమ్మిదో రోజు జ్వరం

అమ్మలూ,

మొన్న ఫోన్లో నువ్వు "బాబుకి తట్టు టీకా వేయించే నెల దగ్గరపడింది నాన్నా, వేయించాలో వద్దో మా ఇద్దరికీ తేలడం లేదు, నువ్వేమంటావ్?" అని అడిగితే, అల్లుడు కూడా తన సందేహాలు అడిగితే, నేను "మీ ఇష్టం తల్లీ" అనేసి ఫోన్ మీ అమ్మ చేతికిచ్చాను. నేనంత తేలిగ్గా వదిలేసే రకం కాదని నీకు తెలుసు. తలుపు గడియ పెట్టుకున్నావా అని రాత్రి పదింటికి ఫోన్ చేసి అడిగే మనిషిని. ఆ రోజు ఎందుకు తప్పించుకున్నానో చెప్పాలంటే, నీ చిన్నప్పుడు నేను చేసిన పనొకటి చెప్పాలి. దానికి ఫోన్లో నోరు రాదు. అందుకని రాస్తున్నాను.

నీకు ఆ టీకా మేం వేయించలేదు. నీ పాత టీకాల కార్డులో ఒక గడి ఖాళీగా ఉంటుంది. ఒకసారి నువ్వే అడిగితే "ఏదో హడావుడిలో మర్చిపోయి ఉంటాం" అంది మీ అమ్మ. మర్చిపోలేదు. తను వేయిద్దామనే అంది. వద్దన్నది నేను.

కారణం మీ అన్నయ్య. వాడికి తట్టు టీకా వేయించిన తొమ్మిదో రోజు రాత్రి ఒళ్ళు కాలిపోయింది. ఎత్తుకున్నవాణ్ణి ఎత్తుకున్నట్టే ఉన్నాను, ఉన్నట్టుండి వాడి కళ్ళు పైకి తేలిపోయి, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం మొదలైంది. మహా అయితే రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలూ వాడు నా చేతుల్లోనే పోతున్నాడనుకున్నాను. తెల్లారేసరికి లేచి నా కళ్ళజోడు పీకుతున్నాడు! జ్వరం ఎక్కువైతే చిన్నపిల్లల్లో కొందరికి ఇలా ఫిట్స్ వస్తుందనీ, దానివల్ల మెదడుకేమీ కాదనీ డాక్టరు చెప్పాడు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నేను తలూపాను గానీ, మనసులో మాత్రం ఈ సూది నా ఇంట్లో ఇంకొకరికి పడకూడదని ఆ రోజే నిశ్చయించేసుకున్నాను.

ఆ ఫిట్స్ టీకా వల్ల కాదని నీతో బుకాయించను. టీకా వల్లే. అందులో ఉండేది బలం తగ్గించిన, ప్రాణమున్న వైరస్. అది ఒంట్లో కొంచెం పెరిగితేనే శరీరం దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. అందుకే జ్వరం ఆ రోజు కాక, ఏడు నుంచి పన్నెండు రోజుల మధ్య వస్తుంది, అదీ కొందరికే. మూడు నాలుగు వేలమంది పిల్లల్లో ఒకరికి ఆ జ్వరంతో ఫిట్స్ వస్తుంది. ఆ ఒక్కడూ మన ఇంట్లో ఉన్నాడు. నా భయం ఉత్తుత్తిది కాదు. కాకపోతే నేను తూచింది నా కళ్ళతో చూసిన కష్టాన్నే. రెండో పళ్ళెంలో ఏముందో చూడలేదు, ఎందుకంటే అప్పటికి తట్టును దగ్గరగా చూసి ఎరుగను.

నీకు మూడేళ్ళప్పుడు చూశాను. ముందు జలుబు, దగ్గు, ఎర్రబడిన కళ్ళు. మామూలు రొంప అనుకున్నాం. నాలుగో రోజుకి వెలుతురు చూడలేక మీ అమ్మ భుజంలో మొహం దాచుకున్నావు. డాక్టరు టార్చి వేసి నోట్లో చూశాడు, నన్నూ చూడమన్నాడు. బుగ్గల లోపలి వైపు ఉప్పురవ్వలు చల్లినట్టు తెల్లటి చుక్కలు. మర్నాటికి చెవుల వెనక మొదలై మొహం, మెడ, ఒళ్ళంతా ఎర్రగా దద్దుర్లు. విటమిన్ ఎ రెండు రోజులు వరసగా వేశారు, తట్టు వచ్చిన పిల్లల కళ్ళకీ ప్రాణానికీ అది కాపు. తట్టును చంపే మందు మాత్రం లేదు. ఆ పది రోజులూ మీ అన్నయ్య నీ పక్కనే, నీ దుప్పట్లోనే పడుకున్నాడు. నిన్ను వదలమంటే ఏడ్చేవాడు. వాడికి ఏమీ కాలేదు. వాడికెందుకు కాలేదో మీ అమ్మకీ తెలుసు, నాకూ తెలుసు. తనేమీ అనలేదు, అనుంటే బాగుండేది.

నువ్వు కోలుకున్నావు. అసలు చెప్పాల్సింది ఇది కాదు.

మన ఎదురింట్లో ఏడు నెలల పాప ఉండేది. నీకు గుర్తుండదు. నీకు రొంప అనుకున్న ఆ రోజుల్లో నువ్వు వాళ్ళింట్లోనే ఆడుకునేదానివి. దద్దుర్లు రావడానికి నాలుగు రోజుల ముందు నుంచే తట్టు అంటుకుంటుందని అప్పుడు నాకు తెలియదు. ఒకరినొకరు తాకనక్కర్లేదు. రోగి దగ్గి వెళ్ళిపోయిన గదిలో రెండు గంటల దాకా ఆ వైరస్ గాలిలో ఉండగలదు. రక్షణ లేనివాళ్ళు పదిమంది ఆ గాలి పీలిస్తే తొమ్మిదిమందికి వస్తుంది. ఆ పాపకి టీకా వేసే వయసు ఇంకా రాలేదు. రెండు వారాలకి తట్టు, దాని వెనకే న్యుమోనియా, ఆపైన రెండు చెవుల్లోనూ చీము. పాప బతికింది. ఒక చెవి సరిగ్గా వినబడదని తర్వాత తెలిసింది.

నీ నుంచే అంటుకుందని నిరూపించలేను. వేరే దగ్గర కూడా అంటుకుని ఉండొచ్చు. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను, ఒక్కసారీ నమ్మలేదు. వాళ్ళు మనల్ని ఏమీ అడగలేదు. నీకు టీకా వేయించలేదని వాళ్ళకి తెలియదు మరి. నేను చెప్పలేదు. ఏడాది తిరక్కుండా ఇల్లు మారాం. ఆఫీసుకి దూరమవుతోందని మీకందరికీ చెప్పాను.

ఇంకో సంగతి. నువ్వు ఏడో తరగతిలో ఉండగా ఒకసారి మార్కులు బాగా తగ్గాయి. నేను కేకలేయకుండా, నీ పాత నోట్సులన్నీ ముందేసుకుని చేతిరాత పోల్చి చూస్తూ కూర్చుంటే నువ్వు నవ్వావు. తట్టు తగ్గిన ఏడెనిమిదేళ్ళకి, పదేళ్ళకి, చాలా అరుదుగా, ఆ వైరస్సే మెదడులో మళ్ళీ లేస్తుంది. దాన్ని ఎస్.ఎస్.పి.ఇ. అంటారు. మొదట చదువులో వెనకబడతారు, పరాకుగా ఉంటారు, తర్వాత ఒళ్ళు ఉలిక్కిపడినట్టు అదురుతుంది. అది వచ్చినవాళ్ళు దాదాపు ఎవరూ బతకరు. ఎక్కడో చదివాను, చదవకుండా ఉండాల్సింది. అప్పట్నుంచి నీ చేతిలోంచి పెన్ను జారిపడితే నాకు ఊపిరి ఆగేది. నువ్వు ఇరవై దాటేదాకా నేను నిన్ను చూసిన చూపు తండ్రి చూపు కాదు, కాపలావాడి చూపు. మీ అన్నయ్య ఫిట్స్ రెండు నిమిషాలు, ఇది పదిహేనేళ్ళు.

ఇక అల్లుడు అడిగినవాటికి వస్తాను. అతనడిగినవి తీసిపారేసే ప్రశ్నలు కావు.

ఈ టీకాతో పిల్లలకి ఆటిజం, అంటే మాటల్లో, నలుగురితో కలవడంలో ఇబ్బంది పడే స్థితి, వస్తుందట కదా అన్నాడు. 1998లో ఇంగ్లాండులో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు పన్నెండుమంది పిల్లల మీద రాసిన వ్యాసంతో పుట్టిన మాట అది. అందులో వివరాలు తారుమారు చేసినట్టు తేలి 2010లో దాన్ని అచ్చువేసిన వైద్య పత్రిక ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది, ఆ ఏడాదే అతని డాక్టరు గుర్తింపు కూడా పోయింది. తర్వాత డెన్మార్కులో 6 లక్షల 57 వేలమంది పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించి 2019లో ఫలితం చెప్పారు. టీకా వేసుకున్నవాళ్ళలో ఆటిజం ఎక్కువేమీ లేదు. పిల్లలకి మాటలు రావాల్సిన వయసూ ఈ టీకా వయసూ దగ్గరదగ్గరగా ఉండటంతో, రెంటికీ లంకె ఉందనిపిస్తుంది. అనిపించడం తప్పని నేనెలా అంటాను?

రోగం వచ్చి తగ్గితేనే గట్టి రక్షణ కదా అన్నాడు. నిజమే. 1846లో ఉత్తర అట్లాంటిక్ సముద్రంలోని ఫెరో దీవుల్లో తట్టు వ్యాపిస్తే, 1781లో ఒకసారి తట్టు వచ్చిపోయిన ముసలివాళ్ళెవరికీ మళ్ళీ రాలేదని పానుమ్ అనే డాక్టరు రాసిపెట్టాడు. అరవై ఐదేళ్ళు నిలిచిన రక్షణ! అయితే ఆ రక్షణ కావాలంటే ముందు తట్టు రావాలి. దాదాపు ఎనిమిది వేలమంది ఉన్న దీవుల్లో ఆ ఏడాది ఆరు వేలమంది మంచం పట్టారు. పైగా తట్టు, ఒంట్లో మిగతా రోగాల మీద ఉన్న జ్ఞాపకాన్ని కూడా కొంత చెరిపేస్తుందని ఈమధ్యే తెలిసింది. నీకు తట్టు తగ్గాక ఏడాదిపాటు ఏదో ఒక జ్వరం వదల్లేదు. ఎందుకో అప్పుడు మాకు అర్థం కాలేదు.

ఇప్పుడు తట్టు ఎక్కడుంది అన్నాడు. 2023లో ప్రపంచం మొత్తమ్మీద లక్షమందికి పైగా దాంతో చనిపోయారు, ఎక్కువమంది పసిపిల్లలే.

టీకా వేశాక పిల్లలు చనిపోయారన్న వార్త గురించీ అడిగాడు. అది పసిఫిక్ సముద్రంలోని సమోవా దీవుల సంగతి అయితే, అదీ నిజమే. 2018లో ఇద్దరు పసివాళ్ళు చనిపోయారు. టీకా పొడిలో నీళ్ళకి బదులు మత్తు ఇచ్చేటప్పుడు వాడే మందు కలిపారు నర్సులు. తప్పు టీకాది కాదు, కలిపిన చేతులది. కానీ జనం సూదిని చూసి భయపడ్డారు, ప్రభుత్వం టీకాలు ఆపింది. మరుసటి ఏడాది తట్టు వచ్చి ఆ చిన్న దేశంలో 83 మంది పోయారు, ఎక్కువమంది ఐదేళ్ళలోపు పిల్లలు. ఆ తల్లిదండ్రుల్ని నేను తప్పు పట్టలేను. ఆ వరసలో నిలబడి వచ్చినవాణ్ణి.

నీకొచ్చిన తట్టు నీ బిడ్డకి కొన్నాళ్ళు కాపలా కాసింది, కడుపులో ఉన్నప్పుడు నీ రక్తం నుంచి వాడికి కొంత రక్షణ వెళ్ళింది. అది ఈపాటికి కరిగిపోతూ ఉంటుంది. అది ఉండగా వేస్తే టీకా సరిగ్గా పట్టదు, అందుకే కొన్ని దేశాల్లో తొమ్మిదో నెల దాకా, కొన్నిట్లో ఏడాది దాకా ఆగుతారు. ఒక డోసుతో నూటికి తొంభై మూడుమందికి రక్షణ వస్తుంది, రెండోది వేస్తే తొంభై ఏడు. రెండోది మానకండి.

నిర్ణయం మీ ఇద్దరిదే. నేను వేయించమనే అంటాను, ఫోన్లో అనాల్సింది అదే. వెళ్ళినప్పుడు మేనమామకి ఫిట్స్ వచ్చిన సంగతి డాక్టరుకి ముందే చెప్పండి. రోగనిరోధక శక్తి బాగా తక్కువున్న పిల్లలకి ఈ టీకా వేయరు, బాబుకి అలాంటిదేమైనా ఉందేమో కూడా అడగండి. సీసా మీద తేదీ చూడండి, పొడి ఎప్పుడు కలిపారో అడగండి, కలిపాక కొన్ని గంటల్లోపే వాడాలి. అడిగితే విసుక్కుంటారు, విసుక్కోనీ. జ్వరం వస్తే ఎంత మోతాదు మందు వేయాలో అక్కడే రాయించుకో. ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, ఐదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి పరిగెత్తాలి. ఆ రాత్రి నేను మీ అన్నయ్య పళ్ళ మధ్య చెంచా పెట్టబోయాను, మీ అమ్మే లాగేసింది.

ఈ ఉత్తరం పోస్టు చేసేముందు మీ అమ్మకి చదివి వినిపించాను. ఎదురింటి పాప దగ్గరికి వచ్చేసరికి తను లేచి వెళ్ళి కిటికీ వేసొచ్చింది. పూర్తయ్యాక "ఆఫీసు దూరమని అన్నప్పుడే నాకు తెలుసు" అంది.

వేయిస్తే తేదీ చెప్పు. ఏడో రోజుకల్లా నేనక్కడ ఉంటాను, ఓ వారం ఉండి వస్తాను. థర్మామీటరు నేనే తెస్తాను, మీ ఇంట్లోదాన్ని నేను నమ్మను.

మీ నాన్న