మంత్రి లోకేష్ గారికి: ఎండాకాలం డిగ్రీ కాలేజీ గేట్లు తీయించండి

నారా లోకేష్ గారికి,
విద్యాశాఖ మంత్రి, ఆంధ్రప్రదేశ్.

నమస్తే సార్,

సోది లేకుండా విషయానికి వచ్చేస్తా. టెన్త్ పరీక్షలు రాసిన గవర్నమెంటు స్కూలు పిల్లల్ని ఎండాకాలం ఆరు వారాలు దగ్గర్లో ఉన్న డిగ్రీ కాలేజీలో కూర్చోబెట్టండి, పక్కన డిగ్రీ చదివే ఒక అక్కనో అన్ననో మెంటర్‌గా పెట్టండి, అయిపోయాక రెండు కాలేజీ క్రెడిట్లు వాళ్ళ అకౌంట్లో పడేట్టు చూడండి. అంతే నేను అడిగేది. దీనికి కొత్త బిల్డింగులు అక్కర్లేదు, కావాల్సిన రూల్స్ కూడా చాలావరకు ఇప్పటికే ఉన్నాయి, ఎక్కడున్నాయో కింద చెప్తా. కొంచెం పెద్ద లెటరే, ఓపిక చేసుకుని చదవండి.

నాది ఉమ్మడి ప్రకాశం జిల్లా, కనిగిరి వైపు. ఇప్పుడు టెక్సాస్‌లో డాలస్ దగ్గర ఉంటున్నా, ఐటీ ఉద్యోగం, ఎండాకాలం సాయంత్రాలు ఇక్కడ ఒక కమ్యూనిటీ కాలేజీలో హైస్కూలు పిల్లలకి మెంటర్‌గా వెళ్తుంటా. మీరూ అమెరికాలో చదివినవాళ్ళే కాబట్టి క్రెడిట్ అంటే ఏంటో మీకు చెప్పాల్సిన పని లేదు, కానీ బహిరంగ లేఖ అన్నాక మా ఊరి వాళ్ళు కూడా చదువుతారు, వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇక్కడ డిగ్రీ అంటే సుమారు 120 క్రెడిట్లు, ఒక సబ్జెక్టు పాసైతే మామూలుగా మూడు వస్తాయి, ప్రతి క్రెడిట్‌కీ ఫీజు కట్టాలి. అందుకే ఇంకా హైస్కూల్లో ఉండగానే కొన్ని క్రెడిట్లు జేబులో వేసుకుంటే డబ్బూ మిగులుతుంది, టైమూ మిగులుతుంది. టెక్సాస్‌లో దీన్ని డ్యూయల్ క్రెడిట్ అంటారు. మినెసోటా 1985లోనే హైస్కూలు పిల్లల్ని కాలేజీ క్లాసుల్లో కూర్చోనిచ్చింది, వాషింగ్టన్ స్టేట్ 1990లో రన్నింగ్ స్టార్ట్ అని చట్టమే చేసింది. టెక్సాస్‌లో 2023లో ఇంకో అడుగు వేశారు, స్కూల్లో ఫ్రీ లంచ్‌కి అర్హత ఉన్న పిల్లలకి ఈ స్కీంలో చేరిన కాలేజీల్లో డ్యూయల్ క్రెడిట్ పూర్తిగా ఫ్రీ.

వీటన్నిటికన్నా పాతది అప్‌వర్డ్ బౌండ్ అనే అమెరికా ప్రభుత్వ పథకం. లిండన్ జాన్సన్ ప్రెసిడెంటుగా ఉన్నప్పుడు 1964 చట్టంతో వచ్చింది, ఆయన కుర్రతనంలో టెక్సాస్‌లోనే కొటుల్లా అనే చిన్న ఊళ్ళో మెక్సికన్ కూలీల పిల్లలకి పాఠాలు చెప్పాడు, ఆ పిల్లల బతుకు చూసినోడు కాబట్టే ఇలాంటిది పెట్టాడని నాకనిపిస్తుంది. ఇందులో చేరే పిల్లల్లో కనీసం మూడింట రెండొంతుల మంది పేదింటివాళ్ళూ, తల్లిదండ్రుల్లో ఎవరికీ డిగ్రీ లేనివాళ్ళూ అయ్యుండాలి, ఇది రూలు. ఎండాకాలం ఆరు వారాలు కాలేజీ క్యాంపస్‌లో చదువు. ట్వెల్త్ అయిపోయినవాళ్ళకి బ్రిడ్జి అని వేరే ఉంటుంది, వాళ్ళు నిజం కాలేజీ సబ్జెక్టు ఒకటో రెండో చదివి క్రెడిట్లు తీసుకుంటారు. పిల్లలకి నెలకి కొంచెం స్టైపెండ్ కూడా ఇవ్వొచ్చు, ఎక్కువేం కాదులెండి.

ఇందులో మెంటర్ చేసేది ఏంటో చెప్తా, ఎందుకంటే మన దగ్గర మెంటర్ అనగానే స్టేజీ ఎక్కి కలలు కనండి అని స్పీచ్ ఇచ్చేవాడు గుర్తొస్తాడు. ఇక్కడ పాఠం చెప్పేది ప్రొఫెసరే, మెంటర్ పని అంతా చిల్లర పని. సిలబస్ పేపర్లో ఏ వారం ఏముందో చూపించటం, ప్రొఫెసర్‌కి మెయిల్ ఎలా రాయాలో పక్కన కూర్చుని రాయించటం, అర్థం కాలేదని చెప్పడానికి ఆయన రూముకి వెళ్ళమని తోసి పంపించటం, ఏ డేట్ లోపల సబ్జెక్టు వదిలేస్తే మార్కుల కాగితం మీద మచ్చ పడదో చెప్పటం. నా దగ్గర ఒక పిల్లాడు ఉండేవాడు, వాళ్ళ నాన్న ఇళ్ళ పైకప్పులు వేసే పని చేస్తాడు, లెక్కల్లో వాడికి తిరుగులేదు కానీ ఫస్ట్ క్విజ్ పోయేసరికి ఇది మనలాంటోళ్ళకి కాదులే అని బ్యాగ్ సర్దేసుకున్నాడు. వాడిని ఆపింది నేను కాదు, కిందటేడు అదే కాలేజీలో అదే క్విజ్ పోగొట్టుకున్న ఇంకో పిల్ల. ఒక్క మెట్టు పైనున్నవాళ్ళు చెప్తేనే వింటారు సార్, ఇరవై మెట్లు పైనున్న నాలాంటివాడు చెప్తే తలూపి వెళ్ళిపోతారు.

మధ్యలో మనవాళ్ళ మాట ఒకటి చెప్పాలి. ఇక్కడ ఫ్రిస్కో, ప్లేనో వైపు తెలుగు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులు చూస్తే హైస్కూల్లోనే రాసి కాలేజీ క్రెడిట్ తెచ్చుకునే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలు ఎన్ని రాయించాలి, డ్యూయల్ క్రెడిట్ తీసుకుంటే ర్యాంకు పడిపోతుందా, ఇదే గోల తెల్లార్లూ. వాళ్ళ పిల్లలకి ఇవేవీ లేకపోయినా డిగ్రీ ఆగదు. నేను రాసేది ఆ పిల్లల గురించి కాదు.

మా పశ్చిమ ప్రకాశంలో టెన్త్ పరీక్షలు అయిపోయిన మర్నాటి నుంచి ఏం జరుగుతుందో మీకు తెలిసే ఉంటుంది. మగపిల్లలు బేల్దారి పనికి నాన్న వెనక హైదరాబాదో బెంగళూరో పోతారు, కొందరు మిరపకోతలకి, ఆడపిల్లలకి సంబంధాలు మొదలవుతాయి. కాస్త మార్కులొచ్చే పిల్లల ఇంటికి కార్పొరేట్ కాలేజీ పీఆర్వోలు సంక్రాంతి నుంచే తిరుగుతుంటారు, డబ్బున్నవాళ్ళని బ్రిడ్జి కోర్సు అని ఏప్రిల్‌లోనే హాస్టల్లో వేసేస్తారు. అంటే జూన్‌లో ఇంటర్ క్లాసులు మొదలయ్యేసరికి ఒకడు రెండు నెలలు ముందున్నాడు, ఇంకొకడు రెండు నెలలు సిమెంటు మోసి వచ్చాడు. ఇద్దరూ ఒకే ఎంసెట్, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారుగా, అదే రాయాలి.

ట్రిపుల్ ఐటీలు ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి, మంచివే, 2008లో పెట్టినప్పటి నుంచి నూజివీడు, ఇడుపులపాయల్లో చదివిన మా వైపు పిల్లలు ఎంతమంది బాగుపడ్డారో నాకు తెలుసు. కానీ నాలుగు క్యాంపస్‌లూ కలిపినా సీట్లు నాలుగు వేల పైచిలుకు, టెన్త్ రాసేవాళ్ళు ఆరు లక్షలు. మిగిలిన పిల్లల గురించే ఈ లెటర్.

ఇప్పుడు రూల్స్ సంగతి. నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ 2023 ఏప్రిల్‌లో వచ్చింది, దాని ప్రకారం 30 గంటల చదువుకి ఒక క్రెడిట్, స్కూలు చదువు కూడా అందులోకి వస్తుంది. క్రెడిట్లు దాచుకోవడానికి అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ 2021లోనే మొదలైంది, అందులో పడ్డ క్రెడిట్ ఏడేళ్ళ దాకా చెల్లుతుంది, అంటే టెన్త్ అయ్యాక సంపాదించినది ఇంటర్ రెండేళ్ళు పోయినా డిగ్రీలో వాడుకోడానికి బోలెడు టైముంది. అపార్ ఐడీలు, అంటే చదువు రికార్డంతా ఒకచోట ఉండేలా ప్రతి విద్యార్థికీ ఇచ్చే నంబర్లు, ఆధార్‌లో ఒక పేరు స్కూల్లో ఒక పేరు ఉండి టీచర్లూ తల్లిదండ్రులూ నానా తిప్పలు పడి చేయించినవి ఎలాగూ ఉన్నాయి, ఇంత కష్టపడి చేయించిన నంబర్‌లో ఇప్పటిదాకా పిల్లలకి పనికొచ్చేది ఏం వేశారు? మన డిగ్రీలో స్కిల్ ఎన్‌హాన్స్‌మెంట్ కోర్సులు రెండేసి క్రెడిట్లవి ఉన్నాయి, కమ్యూనికేషన్ స్కిల్స్, కంప్యూటర్ బేసిక్స్ లాంటివి, వాటికి ఇంటర్ ఫిజిక్స్ వచ్చుండాల్సిన పని లేదు, టెన్త్ పాసైన పిల్ల చదవగలదు. రెండు క్రెడిట్లంటే 60 గంటలు.

మెంటర్లని ఎక్కడ తేవాలి అంటే అదే అసలు పాయింటు, మీ దగ్గరే ఉన్నారు. మన డిగ్రీ పిల్లలకి ఫస్టియర్ అయ్యాక కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ అని ఉంది, ఉన్నత విద్యా మండలి పెట్టినదే, 180 గంటలు, 4 క్రెడిట్లు. ఆలోచన బంగారం లాంటిది. జరిగేదేంటంటే, మా అక్క కూతురు చేసింది కాబట్టి చెప్తున్నా, ఒక ఊరు తీసుకుని ఇంట్లో ఎంతమంది, మరుగుదొడ్డి ఉందా, గ్యాస్ ఉందా అని కాగితాలు నింపటం, సగం ఇళ్ళకి వెళ్ళకుండానే నింపటం, తర్వాత సీనియర్ రికార్డు తెచ్చి చూసి రాసెయ్యటం, లాగ్ బుక్కులో రోజుకో సంతకం. ఆ పిల్లని తప్పుపట్టను, వేరే పని చెప్పినవాళ్ళు లేరు. అదే 180 గంటలు వారానికి ఆరు రోజులు రోజుకి ఐదు గంటల చొప్పున ఆరు వారాలు వేస్తే సరిగ్గా సరిపోతుంది చూడండి. ఒక్కో మెంటర్‌కి ఆరుగురు పిల్లలు, అరవై మంది పిల్లలకి పదిమంది డిగ్రీ పిల్లలు, ఇద్దరు లెక్చరర్లు. మెంటర్‌కి నాలుగు క్రెడిట్లు ఎలాగూ వస్తాయి, పిల్లలకి రెండు వస్తాయి. పిల్లల 180 గంటల్లో 60 గంటలు క్రెడిట్ కోర్సుకి పోతే మిగతా టైములో లెక్కల్లో, ఇంగ్లీషులో ఎక్కడ వెనకబడ్డారో అక్కడ పూడ్చుకోవచ్చు, ఏ గ్రూపు తీసుకుంటే ఏమవుతుంది, పాలిటెక్నిక్ అంటే ఏంటి, ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి ఏ కాగితాలు కావాలి, ఇవన్నీ ఆ అక్కే చెప్తుంది, నిన్ననే తను పడింది కాబట్టి.

ఇక ఎండ. మే నెలలో మా వైపు 44, 45 మామూలే, రేకుల షెడ్డులో ఆరు వారాలు కూర్చోమంటే నేనే ఒప్పుకోను. పొద్దున ఏడింటికి మొదలుపెట్టి పన్నెండుకి ముగించి అక్కడే భోజనం పెట్టి పంపండి. దూరం ఊళ్ళ వాళ్ళకి సాంఘిక సంక్షేమ హాస్టళ్ళు సెలవుల్లో ఖాళీగానే ఉంటాయి, ఆడపిల్లలకి లేడీ వార్డెన్ లేకుండా మాత్రం మొదలుపెట్టొద్దు, ఒక్క ఊళ్ళో ఒక్క చెడ్డమాట వినిపిస్తే మళ్ళీ ఎవరూ పంపరు. జూనియర్ కాలేజీల్లో డొక్కా సీతమ్మ గారి పేరుతో 2025 జనవరిలో భోజనం మొదలుపెట్టారు, అదే ఏర్పాటు ఈ ఆరు వారాలకి సాగదీస్తే చాలు. స్టైపెండ్ కూడా కావాలి సార్, దీని దగ్గర పిసినారితనం చేస్తే మొత్తం పోతుంది. పని మానేసి వచ్చే పిల్లాడి ఇంట్లో ఆ కూలి డబ్బుల లెక్క ముందే వేసుకుని ఉంటారు, అందులో సగమైనా ఇస్తేనే తల్లి ఒప్పుకుంటుంది.

ఇంటర్ ఫస్టియర్ పిల్లల్ని కూడా చేర్చమని అడుగుదామనుకున్నా కానీ ఇప్పుడు సెకండియర్ క్లాసులు ఏప్రిల్‌లోనే మొదలవుతున్నాయి, వాళ్ళకి మిగిలేది మే నెలే. ముందు టెన్త్ వాళ్ళతో కానివ్వండి.

ఇందులో నాకు కనిపించే నిజమైన చిక్కులు రెండే. ఒకటి, డిగ్రీ రెండో సెమిస్టర్ పరీక్షలు మే దాకా సాగితే మెంటర్లు దొరకరు, యూనివర్సిటీలు ఆ డేట్లు ముందుకి జరపాలి. రెండోది పెద్దది. ఇక్కడ అమెరికాలో కూడా చూశా, పిల్లలు కష్టపడి క్రెడిట్లు తెచ్చుకుంటారు, తీరా వేరే స్టేటులో ప్రైవేటు యూనివర్సిటీకి పోతే మీ క్రెడిట్లు మేం తీసుకోం అంటారు, లేదా తీసుకుంటాం కానీ డిగ్రీ లెక్కలోకి రావు అంటారు. టెక్సాస్‌లో గవర్నమెంటు కాలేజీలన్నిటికీ 42 క్రెడిట్ల కామన్ కోర్ అని ఉంది, కోర్సు నంబర్లు కూడా ఒకటే, కాబట్టి ఒక ఊళ్ళో పాసైన కాలేజ్ ఆల్జీబ్రా ఇంకో ఊళ్ళో చెల్లుతుంది. మన దగ్గర ఒంగోలు ఆంధ్రకేసరి యూనివర్సిటీలో వేసిన క్రెడిట్ నాగార్జున యూనివర్సిటీలో చెల్లకపోతే పిల్లాడికి అది ఇంకో ఫ్రేము కట్టించుకునే కాగితం అవుతుంది. అందుకే మీరు సంతకం పెట్టాల్సింది స్కీం ఓపెనింగ్ శిలాఫలకం మీద కాదు, రాష్ట్రంలో ప్రతి యూనివర్సిటీ ఈ రెండు క్రెడిట్లని డిగ్రీ లెక్కలో కలుపుకుని తీరాలి అని చెప్పే జీవో మీద. ఫెయిలైన పిల్లల రికార్డులో మాత్రం ఏమీ పడకూడదు, ఇక్కడ పదహారేళ్ళకి తెచ్చుకున్న ఎఫ్ గ్రేడు తర్వాత ఫైనాన్షియల్ ఎయిడ్ దగ్గర అడ్డం పడటం చూశాం, ఆ తద్దినం మనకొద్దు.

జీవో ఎందుకంటున్నానంటే, అరవై ఏళ్ళ చరిత్ర ఉన్న అప్‌వర్డ్ బౌండ్‌కే డబ్బులు మొత్తం తీసేయాలని వైట్‌హౌస్ 2026 బడ్జెట్‌లో ప్రతిపాదించింది. స్కీంగా ఉన్నదాన్ని ఎవరైనా ఎప్పుడైనా ఎత్తేస్తారు, మన దగ్గరైతే ప్రభుత్వం మారగానే ముందు పేరు మారుతుంది, తర్వాత స్కీమే మాయమవుతుంది. యూనివర్సిటీ రూల్ బుక్కులో ఎక్కింది తీసేయటం అంత ఈజీ కాదు. కాబట్టి దీనికి ఎవరి పేరూ పెట్టకండి, మీ నాన్నగారిది కూడా. కిట్టు, బ్యాగు, ట్యాబు ఇవ్వకండి. టీచర్ల యాప్‌లన్నీ కలిపి లీప్ అని ఒకటి చేశారు, సంతోషం, దీనికోసం మళ్ళీ ఇంకోటి తెరవొద్దు.

అన్ని జిల్లాల్లో ఒకేసారి కూడా వద్దు. మొదటి ఏడు ఒక్క ఉమ్మడి ప్రకాశంలో, లేదా మీకు నచ్చిన ఇంకో వెనకబడ్డ చోట, ఐదు గవర్నమెంటు డిగ్రీ కాలేజీల్లో అరవైమంది చొప్పున పెట్టి చూడండి. ఆ మూడొందల మందిలో ఇంటర్ మధ్యలో మానేసినవాళ్ళు ఎంతమంది, పక్క ఊరి స్కూలు నుంచి మానేసినవాళ్ళు ఎంతమంది, ఈ లెక్క రెండేళ్ళు తీసి అందరికీ కనపడేట్టు బయట పెట్టండి, బాగోలేకపోతే ఆపేయండి.

వచ్చే ఏప్రిల్‌కి మొదలవ్వాలంటే నవంబర్ లోపు ఉన్నత విద్యా మండలి నుంచి యూనివర్సిటీలకి ఉత్తర్వు వెళ్ళాలి, కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్ట్ గైడ్‌లైన్స్‌లో మెంటరింగ్ అని ఒక లైను చేర్చాలి, జనవరిలో స్కూళ్ళకి అప్లికేషన్లు పంపాలి, పీఆర్వోలు ఇంటికి రాకముందే. మెంటర్లుగా చేరే డిగ్రీ పిల్లలకి ట్రైనింగ్ ఇవ్వడానికి నేనూ, ఇక్కడ నాతో పాటు చేసే మరికొంతమంది తెలుగువాళ్ళూ రెడీ, శనివారం మా పొద్దున అంటే మీ సాయంత్రం, జూమ్‌లో కూర్చుంటాం, ఒక్క రూపాయి అక్కర్లేదు. ఎవరితో మాట్లాడాలో చెప్పండి చాలు.

ఇట్లు,
డాలస్ నుంచి ఒక కనిగిరి వైపు మనిషి