గ్రౌండ్‌లో కొట్టుకుంటే కావాల్సింది రాజీ కాదు, శిక్ష

ఎడిటర్ గారికి నమస్కారం అండి.

ఈ మధ్య మా కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తిరుగుతోంది. ఆస్ట్రేలియాలో ఏదో చిన్న టౌన్ లీగ్ ఫైనల్. వాళ్ళ ఫుట్‌బాల్ మనది కాదు లెండి, ఆస్ట్రేలియన్ రూల్స్ అంటారు, కోడిగుడ్డులాంటి బంతి, జట్టుకి 18 మంది, కోలగా ఉండే పెద్ద గ్రౌండు, మధ్య పోస్టుల్లోంచి తన్నితే 6 పాయింట్లు, పక్క పోస్టుల మధ్యకి పోతే 1. అందులో ఆట పక్కన పెట్టేసి ఇరవై ముప్పై మంది పిడిగుద్దులు గుద్దుకుంటున్నారు, గట్టు మీద పిల్లాజెల్లా చూస్తున్నారు, మా గ్రూపులో మాత్రం అందరూ దానికింద నవ్వే బొమ్మలు పెట్టి "తెల్లోళ్ళు కూడా మనలాగే" అని కామెంట్లు. నాకు చాలా బాధేసింది. ఒకడు కింద పడి లేవట్లేదు, అది ఎవరికీ కనపడలేదా?

మనలాగే అన్నారు కదా, ఆ మాట గురించే రాస్తున్నాను. కొట్టుకోవడం వరకూ మనలాగే. తర్వాత జరిగేది మాత్రం మనలాగ కాదు.

ఆ ఆటకి రక్తాలు కారిన చరిత్ర ఉంది, కాదనట్లేదు. 1945 సెప్టెంబర్ 29న మెల్‌బోర్న్‌లో కార్ల్‌టన్, సౌత్ మెల్‌బోర్న్ ఫైనల్ ఆడాయి, యుద్ధం వల్ల పెద్ద స్టేడియం మిలిటరీ చేతిలో ఉంటే ప్రిన్సెస్ పార్క్‌లో పెట్టారు, 62 వేల పైచిలుకు జనం. ఎంత ఘోరంగా కొట్టుకున్నారంటే ఇప్పటికీ ఆ మ్యాచ్‌ని బ్లడ్‌బాత్ అనే పిలుస్తారు. కార్ల్‌టన్ 28 పాయింట్లతో గెలిచింది. ఐతే అంపైర్లు పేర్లు రాసుకుని రిపోర్టు చేశారు, ట్రిబ్యునల్, అంటే శిక్షలు తేల్చే లీగ్ విచారణ కమిటీ, కూర్చుంది. సౌత్ మెల్‌బోర్న్ ఆటగాడు టెడ్ విట్‌ఫీల్డ్ తన నంబర్ అంపైర్‌కి కనపడకుండా జెర్సీ తల మీదకి లాక్కుని పరిగెత్తాడంటారు, అతనికి 21 మ్యాచ్‌ల నిషేధం. కప్పు గెలిచిన కెప్టెన్ బాబ్ చిట్టీకి కూడా 8 వారాలు వేశారు. గెలిచాడు కదా పోనీలే అనలేదండి, నాకు అది చాలా గొప్పగా అనిపించింది.

1985లో ఇంకో సంగతి. హాథార్న్ కెప్టెన్ లీ మాథ్యూస్, ఆ ఆటలో దేవుడిలాంటి వాడు, బంతి దగ్గర లేని టైంలో జీలాంగ్ ఆటగాడు నెవిల్ బ్రన్స్‌ని కొడితే దవడ విరిగింది. అంపైర్లు ఎవరూ రిపోర్టు చెయ్యలేదు, అయినా లీగ్ ఎంక్వైరీ చేసి 4 వారాలు రిజిస్ట్రేషన్, అంటే ఆడే హక్కు, తీసేసింది, పోలీసులు కేసు కూడా పెట్టారు. అంత పెద్ద స్టార్ మీద!

ఇప్పుడైతే అక్కడ ఊరి లీగుల్లో కూడా ఎల్లో కార్డు, రెడ్ కార్డు ఉన్నాయి. ఒక మనిషి ఆడినన్నాళ్ళలో పడిన నిషేధాలన్నీ కలిపి 16 మ్యాచ్‌లు లేదా అంతకన్నా ఎక్కువ అయ్యాయంటే రిజిస్ట్రేషన్ రద్దు చేస్తారు, క్లబ్ మారినా ఆ లెక్క వాడి వెంటే వస్తుంది.

ఇక మన దగ్గర. గాజువాక, పెందుర్తి, మధురవాడ వైపు సంక్రాంతికో, ఏదో నాయకుడి బర్త్‌డేకో టోర్నమెంట్లు పెడతారు, ఫుట్‌బాల్ గానీ కబడ్డీ గానీ టెన్నిస్ బాల్ క్రికెట్ గానీ. క్యాష్ ప్రైజు, డీజే, బయట పందేలు. రిఫరీ అంటే కమిటీవాళ్ళకి తెలిసిన ఎవరో ఒకరు. నేను చూసిన ఒక ఫైనల్‌లో మా వీధి కుర్రాడిని వెనకనుంచి వచ్చి కొడితే దవడ ఎముక పగిలింది, ఇంటర్ చదివేవాడు, వారాల తరబడి వాళ్ళమ్మ గంజి, జావ పట్టింది. సాయంత్రానికే పెద్దమనుషులు కూర్చుని ఇద్దరికీ షేక్‌హ్యాండ్ ఇప్పించి ఆస్పత్రి ఖర్చు కొంత చేతిలో పెట్టి ఇక వదిలెయ్యండి అన్నారు. కొట్టినవాడు తర్వాత టోర్నమెంట్‌లోనే ఇంకో టీముకి ఆడాడు, మా కుర్రాడు మాత్రం మళ్ళీ గ్రౌండ్ మొహం చూడలేదు. నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

తల మీద దెబ్బల సంగతి ఇంకా భయం. జీలాంగ్ తరఫున ఆడిన గ్రాహం ఫార్మర్ 2019లో పోయాక మెదడుని పరీక్ష చేస్తే, తలకి పదేపదే దెబ్బలు తగిలినవాళ్ళకి వచ్చే సీటీఈ అనే జబ్బు ఉందని తేలింది, బతికుండగా ఖాయంగా తెలుసుకునే దారి లేని జబ్బు అది. అక్కడ ఊరి లీగుల్లో తలకి దెబ్బ తగిలి కంకషన్ (మెదడు అదరడం) అయితే కనీసం 21 రోజులు మ్యాచ్ ఆడనివ్వరు. మన దగ్గర మొహం మీద నీళ్ళు కొట్టి "ఏం కాలేదు, దిగరా" అంటారు.

అందుకే మీ పేపర్ ద్వారా అడుగుతున్నాను. గ్రౌండ్‌కి పర్మిషన్ ఇచ్చే ఆఫీసర్లు ముందే ఆటగాళ్ళ పేర్లు ఫోటోలతో తీసుకోవాలి, బయట రిఫరీని పెట్టించాలి, కొట్టినవాడి మీద రిపోర్టు రాసి వారంలోపు విచారణ చెయ్యాలి, నిషేధం పడితే ఆ పేరు జిల్లాలో టోర్నమెంట్ పెట్టే ప్రతి కమిటీకీ వెళ్ళాలి. ఇది లేకుండా పర్మిషన్ ఇవ్వొద్దు. మీ స్పోర్ట్స్ పేజీవాళ్ళకి కూడా ఒక మాట అండి, ఫైనల్‌లో ఎవరు గెలిచారో, కప్పు ఎవరి చేతుల మీదుగా ఇచ్చారో వేస్తున్నారు, గొడవ జరిగితే ఎవరికి ఏ శిక్ష పడిందో, అసలు పడిందో లేదో కూడా కనుక్కుని వెయ్యండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం