పాచికల లెక్కను పాచికలతోనే చెప్పాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. పదో తరగతి పబ్లిక్ పరీక్షలు దగ్గరపడేసరికి పత్రికల విద్యా పేజీల్లో సంభావ్యత అధ్యాయం నుంచి తరచూ కనిపించే ప్రశ్న ఒకటుంది: రెండు పాచికలను ఒకేసారి దొర్లిస్తే వాటిపై వచ్చే సంఖ్యల మొత్తం 7 కావడానికి సంభావ్యత ఎంత? దాని కిందే 6/36, అంటే 1/6 అని జవాబూ ఉంటుంది. జవాబులో తప్పేమీ లేదు. అయితే మొత్తం పర్యవసానాలు, అంటే పాచికలు పడగల విధాలు, 36 ఎందుకయ్యాయి, 21 ఎందుకు కాలేదు అని అడిగితే, ఈ ప్రశ్నకు పూర్తి మార్కులు తెచ్చుకునే పిల్లల్లోనూ చాలామంది ‘పాచికలు రెండు కాబట్టి ఆరును ఆరుతో హెచ్చించాలి’ అన్నచోటే ఆగిపోతారు. విశ్రాంత గణితోపాధ్యాయుడిగా నా అభ్యంతరమంతా అక్కడే.

21 అనేది తెలివితక్కువ లెక్కేమీ కాదు. ఒకేలా ఉన్న రెండు తెల్ల పాచికలను చేతికిస్తే, 3, 5 పడటానికీ 5, 3 పడటానికీ తేడా ఏమిటని పిల్లవాడు అడగడం సహజం. ఆ రెంటినీ ఒకటిగా లెక్కిస్తే వచ్చేది 21. ఫ్రెంచి గణితవేత్త డాలంబేర్ అంతటివాడే, నాణేన్ని రెండుసార్లు ఎగరేస్తే కనీసం ఒక్కసారి బొమ్మ పడటానికి సంభావ్యత 3/4 కాదు, 2/3 అని 1754లో విజ్ఞాన సర్వస్వానికి రాసిన వ్యాసంలో వాదించాడు. పిల్లవాడి సందేహాన్ని సూత్రంతో నోరు మూయించకుండా, ఒక ఎర్ర పాచికను, ఒక తెల్ల పాచికను బల్లమీద పెడితే చాలు. ఎరుపు మీద 3, తెలుపు మీద 5 పడటం ఒక పర్యవసానం. ఎరుపు మీద 5, తెలుపు మీద 3 పడటం మరొకటి. 4, 4 మాత్రం ఒక్క విధంగానే పడుతుంది. రెంటికీ ఒకే రంగు పూసినంత మాత్రాన అవి దొర్లే తీరు మారిపోదు కదా.

అయినా నమ్మనివాళ్లు తరగతిలో ఉంటారు, ఉండాలి కూడా. నలభై మంది పిల్లలను ఇరవై జతలుగా కూర్చోబెట్టి, ఒక్కో జత చేత 36 సార్లు దొర్లించి, పడినవన్నీ నల్లబల్ల మీద కూడితే 720 ఫలితాలు చేతికొస్తాయి. రెండు పాచికల మీదా ఒకే సంఖ్య పడే జోడీలు 36 లెక్క ప్రకారం దాదాపు 120 రావాలి; 21 లెక్కే సరైనదైతే దాదాపు 206 రావాలి. 110 వచ్చినా, 135 వచ్చినా వింతేమీ లేదు గానీ, 206 దరిదాపులకు వెళ్లడం మాత్రం జరగని పని. ఒక్క పీరియడులో తేలిపోయే ఈ వివాదాన్ని కంఠస్థం చేయించి ఏళ్ల తరబడి దాచిపెడుతున్నాం.

ఈ చిక్కు జూదగాళ్లకు ఎప్పుడో ఎదురైంది. మూడు పాచికలతో 9 రావడానికీ ఆరు రకాల కూర్పులే, 10 రావడానికీ ఆరు రకాల కూర్పులే. అయినా ఆటలో 10 ఎక్కువసార్లు పడుతున్నదేమిటన్న ప్రశ్నకు 17వ శతాబ్దంలో గెలీలియో సమాధానం రాశాడు. 3, 3, 3 ఒక్క విధంగానే పడుతుంది, 1, 2, 6 మాత్రం ఆరు విధాలుగా పడుతుంది. అలా విడదీసి లెక్కిస్తే మొత్తం 216లో 9కి 25, 10కి 27 వస్తాయి. అంత చిన్న తేడాను ఆడి ఆడి పసిగట్టిన ఆ జూదగాళ్ల ఓపికను, జూదం మాట పక్కనపెట్టి, మెచ్చుకోవలసిందే.

మరో మాట. పాచికకు ఆరు ముఖాలూ ఒకే తీరుగా ఉంటాయి కాబట్టే ఆరు పర్యవసానాలనూ సమసంభవమని, అంటే అన్నిటికీ పడే అవకాశం సమానమని, అనుకుంటున్నాం. మన అష్టాచెమ్మా గవ్వకు ఆ హామీ లేదు. దాని వీపు ఒక రకం, నోరు మరో రకం. నాలుగు గవ్వలకు 16 పర్యవసానాలు రాసి, నాలుగూ నోరు పైకి పడే సంభావ్యత 1/16 అనడం కాగితం మీద బాగానే ఉంటుంది గానీ, అది నిజమో కాదో గవ్వలు వేసి చూస్తేనే తెలుస్తుంది. అనుకూల పర్యవసానాల సంఖ్యను మొత్తం పర్యవసానాల సంఖ్యతో భాగించే సూత్రం ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో ఇంతకన్నా సులువుగా చూపే వస్తువు మన పల్లెల్లో మరొకటి నాకు కనిపించలేదు.

రెండు పాచికల మొత్తాలు 2 నుంచి 12 వరకు పదకొండు ఉన్నాయి కాబట్టి ఒక్కోదాని సంభావ్యత 1/11 అని ఒక విద్యార్థి వాదిస్తే మీరు అంగీకరిస్తారా అని జాతీయ పాఠ్యప్రణాళిక పదో తరగతి గణిత పుస్తకం అడుగుతుంది. ఆ అధ్యాయంలో నాకు అన్నిటికన్నా నచ్చిన ప్రశ్న అదే. ‘అంగీకరించను’ అన్న ఒక్క ముక్కతో దాన్ని దాటేయకుండా, ఎందుకో నాలుగు వాక్యాల్లో రాయించి, ఆ కారణానికే మార్కులు వేసేలా పబ్లిక్ పరీక్షల ప్రశ్నపత్రాలు తయారుచేసేవారు ఆలోచించాలి. మీ విద్యా పేజీలో కూడా ఈసారి బిట్ల మధ్య, 21తో చేసిన తప్పు సాధన ఒకదాన్ని జవాబు ఇవ్వకుండా అచ్చువేసి, తప్పెక్కడుందో పట్టుకోమని పిల్లలనే అడగవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత గణితోపాధ్యాయుడు,
ఖమ్మం జిల్లా