శనివారం యాకినికు (టేబుల్ మీదే మాంసం కాల్చుకుని తినే జపనీస్ భోజనం): వచ్చేవాళ్లు ఈ రాత్రికే చెప్పండి

నిన్న ఒసాకాలో త్సురుహషి అనే పేటకు వెళ్లాం, రైలు దిగగానే పొగ వాసనే దారి చూపించింది. స్టేషన్ పక్క సందులో చిన్న కొట్టు, ఎనిమిది సీట్లే, టేబుల్ మధ్యలో బొగ్గుల కుంపటి. బీఫ్ తిననివాళ్లు ముందే చెప్పండి, కరుబి (పక్కటెముకల దగ్గరి మాంసం), హరామి (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండ), తాన్ అన్నీ మామూలుగా బీఫే. చికెన్, పోర్క్ ఉన్నాయి గానీ కుంపటి మీది జాలీ మార్చమని అడగాలి, "అమి కోకాన్" అంటే చాలు. తాన్ అంటే నాలుక, పల్చటి ముక్క, అంచులు ముడుచుకోగానే తీసి నిమ్మరసంలో ముంచాలి; నేను ఫోన్ చూస్తూ రెండు మాడ్చేశాను, అవేమీ చవక కాదు! పచ్చి మాంసానికి పటకారు, తినడానికి చాప్‌స్టిక్స్, కలపొద్దు. మంచి జాకెట్ మాత్రం వేసుకురాకండి, నాది ఇంకా బాల్కనీలోనే వేలాడుతోంది. శనివారం ఏడింటికి అక్కడే టేబుల్, ఆరుగురికి మించి కుదరదు.