తాయ్‌తాయ్‌కి ఒక నమూనా గది కావాలి: ఫిలిప్పీన్స్ వాణిజ్య శాఖకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఫిలిప్పీన్స్ వాణిజ్య, పరిశ్రమల శాఖ కార్యదర్శి గారికి,

నమస్కారం. రిజాల్ ప్రావిన్సులోని తాయ్‌తాయ్‌లో కుట్టి అమ్ముతున్న ‘కొరియన్ స్టైల్’ దుస్తుల గురించి ఈ లేఖ రాస్తున్నాం. మేం దుస్తుల తయారీలో, ముఖ్యంగా కటింగు పనిలో ఉన్న తెలుగువాళ్లం. ఈ వృత్తిలో ఉన్న మావాళ్లు కూడా చదివి మాట్లాడుకోవాలని తెలుగులో రాస్తున్నాం.

కొరియా మోజు మీ దేశంలో నిన్నమొన్న పుట్టింది కాదు. 2003లో జీఎంఏ చానల్ కొరియా సీరియళ్లను మీ దేశభాష తగలోగ్‌లో డబ్ చేసి ఇంటింటికీ చేర్చింది. 2004లో ఏబీఎస్-సీబీఎన్ చానల్ పోటీ కార్యక్రమంతో కొరియా అమ్మాయి సాండారా పార్క్ మనీలాలో తారగా ఎదిగి, 2009లో సియోల్‌లో టూఎన్ఈవన్ పాటల బృందంతో మళ్లీ వెలుగులోకి వచ్చారు. ఆ తర్వాత దుస్తుల సంస్థ బెంచ్ కొరియా నటుడు హ్యున్ బిన్‌ను, ఫోను సంస్థలు స్మార్ట్, గ్లోబ్ కొరియా పాటల బృందాలు బీటీఎస్‌ను, బ్లాక్‌పింక్‌ను ప్రకటనల్లోకి తెచ్చుకున్నాయి. 2023 మార్చిలో బ్లాక్‌పింక్ బులకాన్‌లోని ఫిలిప్పీన్ అరేనాలో రెండు రోజులు పాడింది. 2022 అక్టోబరులో సెనేటర్ జింగాయ్ ఎస్త్రాదా కొరియా సీరియళ్ల నిషేధం గురించి ఆలోచిస్తున్నానన్నారు. స్థానిక కళాకారులకు పని తగ్గుతోందన్న బాధతో అన్నానని తర్వాత వివరణ ఇచ్చారు. ఆ బాధను మేం అర్థం చేసుకోగలం. కానీ నిషేధంతో ఎవరికీ పని దొరకదు. మీ దేశపు పాటల బృందం ఎస్‌బీ19నే చూడండి. వాళ్లకు తర్ఫీదు ఇచ్చింది కొరియా సంస్థ, వాళ్ల పాటలు ఫిలిపినోలవి, వాళ్ల వెంట ఉన్న అభిమానులు లక్షల్లో. పాటల రంగంలో జరిగింది బట్టల రంగంలో ఎందుకు జరగలేదన్నదే మా ప్రశ్న. మాకు తోచిన జవాబు నమూనాలు లేకపోవడం. దర్జీ భాషలో చెప్పాలంటే పాట్రన్లు, అంటే బట్ట కోసే ముందు కాగితం మీద గీసుకునే ముక్కల ఆకారాలు.

సియోల్‌లోని డాంగ్‌డేమున్‌లో బట్టల భవనం, నమూనా గీసే గదులు, శాంపిల్ కుట్టే గదులు, టోకు దుకాణాలు అన్నీ నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంటాయి. పక్కనున్న ఛాంగ్‌షిన్‌డాంగ్ సందుల్లోని కుట్టుగదులకు కత్తిరించిన ముక్కలు మోటారుసైకిళ్ల మీద చేరుతుంటాయి. కొత్త డిజైను రోజుల్లో అంగడికెక్కుతుంది. తాయ్‌తాయ్‌లో మిషన్లున్నాయి, చేతులున్నాయి, సంత ఉంది, మనీలాలోని దివిసోరియా బజారు నుంచి బట్ట వస్తుంది. నమూనా గదులే లేవు. సీరియల్లో కథానాయిక వేసుకున్న కోటు ఫొటో చూసి గాని, కొనుక్కొచ్చిన బట్టను బల్ల మీద పరిచి చుట్టూ గీసుకుని గాని కోసేస్తే ఎక్కడ తప్పుతుందో చెబుతాం.

మొదటిది ఎత్తు. ఈనాటి కొరియా యువతి సగటు ఎత్తు దాదాపు 163 సెంటీమీటర్లు, ఫిలిపినా యువతిది దాదాపు 154. తేడా 9 సెంటీమీటర్లు. అందులో 4, 5 సెంటీమీటర్ల దాకా కాళ్లలోనే ఉంటుంది. కొరియా కొలతల ప్యాంటును కింద మడిచి కుట్టేస్తే మోకాలి గీత పిక్క మీదకు దిగుతుంది. పైన వదులుగా ఉండి కిందికి సన్నబడే ప్యాంటైతే కింది వెడల్పు కూడా పెరిగి అందం పోతుంది. ఆ పొడవును మూడు చోట్ల పంచి తగ్గించాలి: నడుము నుంచి తొడల మధ్య కుట్టు వరకు 1, తొడ భాగంలో 2, మోకాలి కింద 2 సెంటీమీటర్లు. కాగితం మీద పది నిమిషాల్లో అయ్యే పని ఇది. కోసేసిన బట్ట మీద మాత్రం చేయలేం.

వదులు టీషర్టుది ఇంకో తంటా. భుజం జారినట్టుండాలని ఎం సైజు నమూనాకు బదులు డబుల్ ఎక్స్‌ఎల్ నమూనా వాడేస్తారు. అప్పుడు మెడ కూడా పెరిగి, రెండు ఉతుకుల్లో వేలాడిపోతుంది. మెడ వెడల్పు 18, 19 సెంటీమీటర్ల దగ్గరే ఆపి, భుజం గీతను మాత్రం 6 నుంచి 8 సెంటీమీటర్లు బయటకు జరపాలి. భుజం జారిన కొద్దీ టీషర్టు చేతి పైభాగంలోని గుండ్రటి ఎత్తును తగ్గించుకుంటూ పోవాలి. అది తగ్గించకపోతే చంక దగ్గర ముడతలు గుత్తులుగా పడతాయి. మెడపట్టీని మెడ చుట్టుకొలతలో 80 నుంచి 85 శాతానికే కోసి, సాగదీస్తూ కుట్టాలి. సమాన పొడవుకు కోస్తే పట్టీ అలలు తిరుగుతుంది. బట్ట సంగతికొస్తే, కొరియాలో 250 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) పైబడిన మందపాటి నూలు బట్ట ఇష్టపడతారు. మనీలా ఎండకు 200 నుంచి 220 చాలు, కానీ కోసే ముందు తడిపి ఆరబెట్టాలి. నూలు అల్లిక బట్ట మొదటి ఉతుకులో 5 శాతం పైగా కుంచించుకుపోవచ్చు.

కుచ్చుల స్కర్టు మీద మీ అమ్మాయిలకు ఎంత ఇష్టమో చెప్పనక్కర్లేదు. నడుము 68 సెంటీమీటర్లయితే మడతలకు మూడింతలు, అంటే 204 సెంటీమీటర్ల బట్ట కావాలి. బట్ట మిగులుతుందని రెండింతలతో సరిపెడితే నడిచేటప్పుడు మడత విచ్చుకుపోతుంది. అంచు ముందు కుట్టి, ఆ తర్వాతే మడతలు వేడితో బిగించాలి. మడతలు వేశాక అంచు కుడితే ప్రతి మడతా మెలిక తిరుగుతుంది. బట్టలో పాలియెస్టర్ కనీసం 65 శాతం లేకపోతే మొదటి ఉతుకుతోనే మడతలు చదునైపోతాయి. దివిసోరియాలో చవకగా దొరికే చాలీ అనే రేయాన్ బట్ట గౌన్లకు చక్కటిది. దాంతో వెడల్పు ప్యాంట్లు కుడితే ఉతికాక పొట్టి అవుతాయి, కూర్చుని లేస్తే నలిగిపోతాయి. వదులు బ్లేజర్ల కాలరుకు లోపలి జిగురు బట్టను చేతి ఇస్త్రీతో అతికిస్తే రెండో ఉతుకులో బుడగలు లేస్తాయి. దానికి 130 నుంచి 150 డిగ్రీల వేడి, సమానమైన ఒత్తిడి, 12 నుంచి 15 సెకన్ల సమయం ఇచ్చే ఫ్యూజింగ్ మిషను కావాలి. ఇల్లే కార్ఖానాగా పీసు కూలీకి కుట్టే ఆడవాళ్లు అది కొనలేరు.

ఇవన్నీ మీ శాఖ చేతిలో ఉన్న పనులే. చిన్న పరిశ్రమలకు ఉమ్మడిగా యంత్రాలిచ్చే షేర్డ్ సర్వీస్ ఫెసిలిటీ పథకాన్ని 2013 నుంచి మీరే నడుపుతున్నారు. దాని కింద తాయ్‌తాయ్‌లో ఒక నమూనా గది పెట్టండి. అందులో నమూనా గీసే కంప్యూటరు, నిలువెత్తు కాగితం ముద్రించే ప్లాటరు, ఫ్యూజింగ్ మిషను, మడతలు బిగించే మిషను ఉండాలి. వీటన్నిటికంటే ముఖ్యంగా ఇద్దరు అనుభవజ్ఞులైన నమూనా మాస్టర్లుండాలి. మాస్టర్లు లేకుండా యంత్రాలిస్తే వాటికి దుమ్ము పడుతుంది, ఇది మేం గట్టిగా చెబుతున్నాం. మీ ప్రభుత్వ వృత్తి శిక్షణ సంస్థ టెస్డా ఇచ్చే డ్రెస్‌మేకింగ్ ఎన్‌సీ 2 సర్టిఫికెట్ శిక్షణ కుట్టడానికి పనికొస్తుంది. ఒక నమూనాను ఐదు సైజులకు పెంచడం, తగ్గించడం వేరే విద్య, దానికి విడిగా పాఠం కావాలి. కొరియాతో మీ స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం 2024 డిసెంబరు 31న అమల్లోకి వచ్చింది. ఆ స్నేహాన్ని పట్టుకుని డాంగ్‌డేమున్ మాస్టర్లను ఏడాదిపాటు పంపమని అడగండి.

నమూనాకు కొలతలు కావాలి. కొరియావాళ్లు 1979 నుంచి తమ ప్రజల శరీర కొలతలు విడతలవారీగా తీస్తున్నారు. వాళ్ల పాత ఆడ సైజు 55 అంటే 155 సెంటీమీటర్ల ఎత్తు, 85 సెంటీమీటర్ల ఛాతీ. అది నేటి ఫిలిపినా సగటు ఎత్తుకు దగ్గర, నేటి కొరియా దుకాణాల బట్టలు మాత్రం అంతకంటే పొడుగు వాళ్లకు కుట్టినవి. మీ ప్రమాణాల బ్యూరో శరీర కొలతలకు అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 8559 పద్ధతిలో లుసోన్, విసయాస్, మిందనావో అనే మూడు దీవి ప్రాంతాల్లోనూ కొలతలు తీయించాలి. ఎత్తు, ఛాతీ, నడుము, తుంటి, భుజం, చేయి, కాలి లోపలి పొడవు, కూర్చునే లోతు, ఈ ఎనిమిదీ చాలు. ఫలితాలను ఎవరైనా ఉచితంగా వాడుకునేలా పెట్టండి. అప్పుడు ‘ఫ్రీ సైజ్’ అన్న చీటీ బదులు సెంటీమీటర్లు అచ్చువేయవచ్చు.

చీటీ మాటకొస్తే, కొరియా లిపి హంగుల్ అక్షరాలు అచ్చువేసి వేరే దేశంలో కుట్టిన బట్టను కొరియాదని అమ్మడం మీ మార్కెట్లలో మామూలైపోయింది. 1992 నాటి వినియోగదారుల చట్టం ఆర్‌ఏ 7394 ప్రకారం తయారీదారు పేరు, చిరునామా, దిగుమతి సరుకైతే తయారైన దేశం చీటీ మీద ఉండాలి. సంతలో చిన్న అమ్మకందారుల మీద పడకుండా, కంటైనరు తెచ్చే టోకు దిగుమతిదారు దగ్గరే తనిఖీ చేయండి. ‘కొరియన్ స్టైల్, తాయ్‌తాయ్‌లో కుట్టింది’ అని రాసుకోవడానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

పన్ను విషయం కూడా చెప్పాలి. కస్టమ్స్ చట్టం ఆర్‌ఏ 10863 కింద 10,000 పెసోల లోపు పార్సిలుకు సుంకం గాని, పన్ను గాని లేదు. స్థానిక కుట్టువారు కొనే బట్ట ధరలో 12 శాతం వ్యాట్ కలిసే ఉంటుంది. ఆ పరిమితి తీసేయమని మేం అడగం. ఆల్బములు, ఫొటోకార్డులు తెప్పించుకునే అభిమానులకు అది ఆసరా. ఒకే అమ్మకందారు ఒకే సరుకును రోజూ చిన్న పార్సిళ్లుగా విడగొట్టి పంపుతుంటే మాత్రం కస్టమ్స్‌వారితో కలిసి లెక్క తీయండి.

మొదటి ఏడాదికి ఆరు నమూనాలు చాలు: వదులు టీషర్టు, వెడల్పు ప్యాంటు, కుచ్చుల స్కర్టు, పొట్టి అల్లిక కార్డిగన్, పలుచని బ్లేజరు, వదులు చొక్కా. ఒక్కొక్కటి ఐదు సైజుల్లో, సరిపోయే బట్ట పేరు, బరువు, కుట్టాల్సిన వరుస నమూనా కాగితం మీదే తగలోగ్‌లో అచ్చువేసి, సంతలోని కుట్టుకూలీల సంఘాలకు ఉచితంగా ఇవ్వండి. ఆ ఆరు నమూనాలు గీయడానికి, సైజులు పెంచడానికి కూలీ లేకుండా పనిచేయడానికి మేం సిద్ధం. కొలతల పట్టిక మాకు పంపండి.

ఇట్లు,
దుస్తుల కటింగు, నమూనా పనిలో ఉన్న తెలుగువారు